పక్షవాతమును మెదడు ధమనులును

ఒకే యూరిలో, ఒకే మాసమున ఇద్దఱికి పక్షవాతము వచ్చును. ఒకడు మూడు వారములలో లేచి, చేతికఱ్ఱయైన లేకుండ సంతకు పోవును. రెండవవాడు ఏడాది గడచినను మంచము విడువడు. నోట మాట రాదు. చేయి ముడుచుకొని ఱొమ్మునకు అంటియుండును. ఈ భేదమునకు కారణమేమని యడిగినచో మన జనులు మూడు జవాబులు చెప్పుదురు: వాని నుదుటి వ్రాత, వాని వైద్యుని హస్తవాసి, వానికి సోకిన గాలి బలము. నాలుగవ జవాబొకటి కలదు. అది మెదడునకు నెత్తురు కొనిపోవు ధమనులలో నున్నది. ఏ ధమని మూసికొనెను, ఎచ్చట మూసికొనెను, ఎంతసేపు మూసికొని యుండెను, నెత్తురునకు ప్రక్కదారి యున్నదా లేదా యను ప్రశ్నలే రోగి కోలుకొనుటను చాలవఱకు నిర్ణయించును. ఈ సంగతి తెలిసికొనుటకు మానవజాతికి రెండువేల యేండ్లకు మించి పట్టెను. ఆ చరిత్రయు, ఖమ్మము మైదానము ముగిసి భద్రాచలపు అడవి మొదలగు సీమవారికి దానివలన కలుగు ప్రయోజనమును ఈ వ్యాసమున నిరూపింప దలచితిమి.

వ్యాధి క్రొత్తది కాదు. చరకసంహిత చికిత్సాస్థానమున వాతవ్యాధుల అధ్యాయమునందు దీనికి పక్షవధ యని పేరు. ప్రకోపించిన వాతము శరీరమున ఒక పార్శ్వమును పట్టి, సిరలను స్నాయువులను శోషింపజేసి, చేష్టను మాటను హరించునని అందు చెప్పబడినది. సుశ్రుతసంహిత మఱియొక అడుగు ముందునకు వేసి, ఏ పక్షాఘాతము కుదురును, ఏది కుదురదు అని విచారించినది. కేవల వాతముచే కలిగినది మిక్కిలి కష్టసాధ్యమనియు, ఇతర దోషములతో కలిసినది సాధ్యమనియు, ధాతుక్షయమున వచ్చినది అసాధ్యమనియు విభజించినది. గ్రీసు దేశమున హిపోక్రటీసు పేర వెలసిన సూత్రములును, ప్రబలమైన దెబ్బ కుదురదనియు, స్వల్పమైనది సయితము సులభముగ కుదురదనియు చెప్పుచున్నవి. ఈ ప్రాచీనులు రోగిని శ్రద్ధతో చూచినవారు. పడకయొద్ద కన్నులకు కనబడినదానిని వ్రాసిరి. పుఱ్ఱెలోపల జరుగుదానిని చూచు సాధనము వారికి లేదు. అది వారి దోషము కాదు. వారి తరువాత వేయియేండ్లు వారి మాటలనే వల్లించి, చూడవలసినదానిని చూడకుండుట శిష్యుల దోషము.

ఈ దోషము మన దేశమునకే పరిమితము కాదు. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దమున గేలెను అను వైద్యుడు ఎద్దులు మొదలగు జంతువులను కోసి, మెదడు అడుగున ధమనుల వల యొకటి కలదని వ్రాసెను. ఆ జంతువులలో అది నిజముగ ఉన్నది; మనుష్యునిలో లేదు. అయినను పదమూడు వందల యేండ్లు యూరపు వైద్యులు దానిని మనుష్యునకే అంటగట్టి బోధించిరి. 1543లో వెసేలియసు మనుష్య శరీరములను స్వహస్తములతో కోసి చూచి, అట్టి వల లేదని ప్రకటించెను. 1628లో హార్వే నెత్తురు గుండెనుండి బయలుదేరి దేహమంతయు తిరిగి గుండెకే చేరునని నిరూపించెను. గ్రంథమును గాక వస్తువును చూచుట అలవడినంతట పక్షవాతపు రహస్యము విడివడ నారంభించెను.

1658లో స్విట్జర్లాండులోని షాఫ్‌హౌజెను పట్టణ వైద్యుడు వెప్ఫెరు, హఠాత్తుగ పడి మరణించినవారి పుఱ్ఱెలను తెఱచి, మెదడులో నెత్తురు చిమ్మియుండుటను చూపెను. ధమనులగుండ నెత్తురు రాక నిలిచిపోయినను ఇట్టి ఆపద కలుగునని అతడు తలచెను. పక్షవాతమునకు రెండు మార్గములు గలవు: ధమని పగులుట యొకటి, ధమని మూసికొనుట యొకటి. ఈ నాటి వైద్యశాస్త్రము ఆ విభాగమునే మొదటి మెట్టుగ గ్రహించుచున్నది.

ఆఱు సంవత్సరములకు, 1664లో, ఇంగ్లండులో థామసు విల్లిసు మెదడు నిర్మాణమును గుఱించి మహాగ్రంథమును ప్రకటించెను. అందలి చిత్రములలో కొన్నింటిని, పిమ్మట లండనులో సెయింట్ పాల్ దేవాలయమును నిర్మించిన క్రిస్టఫర్ రెన్ వ్రాసెను. మెడ ముందు ప్రక్కల రెండు కెరోటిడ్ ధమనులును, వెన్నుపూసల వెంబడి రెండు వెర్టెబ్రల్ ధమనులును, వెరసి నాలుగు త్రోవల నెత్తురు తలకెక్కును. ఈ నాలుగును మెదడు అడుగున ఉంగరమువలె కలిసికొనును. దానికి విల్లిసు వలయమని పేరు నిలిచినది. అతడు కుడి కెరోటిడ్ ధమని పూర్తిగ మూసికొనిపోయిన ఒక మనుష్యుని శవమును పరీక్షించెను. ఆ మనుష్యుడు బ్రదికియుండగ పక్షవాతమును ఎఱుగడు. వేఱొక వ్యాధిచే మరణించెను. ఏలనన, ఆ ప్రక్క వెర్టెబ్రల్ ధమని మూడింతలు లావై, మూసికొనిన త్రోవ పనిని తాను చేయుచుండెను. ఒక తూము పూడినను వేఱొక తూమునుండి నీరు మళ్ళి పొలము ఎండకుండినట్లే యిది. ఈ వలయము అందఱిలో సంపూర్ణముగ ఉండదు. కొందఱిలో ఒక ముక్క దారమువలె సన్నగనుండును, కొందఱిలో లేనేలేదు. ఒకే దెబ్బ ఒకనిని కూల్చి వేఱొకనిని విడిచిపెట్టుటకు ఇది యొక కారణము.

1761లో ఇటలీ దేశీయుడగు మోర్గాన్యి, మెదడున కుడి భాగము చెడినచో శరీరమున ఎడమ ప్రక్క పడిపోవుననియు, ఎడమ భాగము చెడినచో కుడి ప్రక్క పడిపోవుననియు శవపరీక్షలచే స్థిరపఱచెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమ జర్మను పండితుడు విర్చో, నెత్తురు ధమనిలోనే గడ్డకట్టుట యొకటియు, గుండెయందో మఱియొకచోటనో కట్టిన గడ్డ ప్రవాహమున కొట్టుకొని వచ్చి ఇఱుకైన చోట చిక్కుకొనుట యొకటియు వివరించెను. 1861లో పారిసులో బ్రోకా ఒక రోగిని చూచెను. అతనికి ఇతరులు చెప్పినది అర్థమగును; తాను మాత్రము ఒకే యక్షరమును తప్ప పలుకలేడు. అతడు మరణించిన పిమ్మట మెదడు ఎడమ ప్రక్క ముందు భాగమున ఒకచోట చెడియుండుట కనబడెను. మెదడున తావునకొక పని కలదని దీనివలన లోకము నమ్మినది. ఇక మిగిలినది ఒక్క ప్రశ్న: ఏ తావునకు ఏ ధమని నెత్తురిచ్చును?

1870 దశకమున ఫ్రాన్సులో ద్యూరే, జర్మనీలో హాయిబ్నరు ధమనులలోనికి రంగు ఎక్కించి, ఏ శాఖ ఎంతమేర తడుపునో గుర్తించిరి. 1920 దశకమున పారిసు వైద్యుడు షార్ల్ ఫోయి ఆ పటమును పడకయొద్దకు తెచ్చెను. రోగి బ్రదికియుండగ కనబడిన లక్షణములను, మరణానంతరము మూసికొనియున్న ధమనిని సరిపోల్చుచు, ప్రతి ధమనికిని దాని లక్షణసమూహమును నిర్ణయించెను. అతడు 1927లో నడివయస్సుననే గతించెను. ఆ సంవత్సరమే లిస్బను నగరమున మోనిజ్, సజీవుడగు మనుష్యుని మెదడు ధమనులను మందు ఎక్కించి ఎక్సురే పటముపై చూపెను. అంతవఱకు శవముయొద్ద మాత్రమే తెలియు విషయము ఇక రోగియొద్దనే తెలియనారంభించెను.

ఆ పటమును పాఠకులు సంగ్రహముగనైన ఎఱుగుట మేలు. మెదడున ఇరుప్రక్కల విశాలభాగమును తడుపునది మధ్యమ ధమని. నూటికి ఎక్కువమందిలో దెబ్బ తగులునది దీని ప్రాంతమునకే. దీని మొదలు మూసికొనినచో ముఖము, చేయి, కాలు మూడును పడును. ఎడమదైనచో మాటయు పోవును. కుడిదైనచో రోగి తన ఎడమ ప్రక్క యున్నదనియే మఱచును, పళ్ళెములో ఎడమ సగము అన్నమును విడిచిపెట్టును. ఇట్టివారిలో మెదడు వాచి కొందఱు మొదటి వారముననే మరణింతురు; మిగిలినవారిలో కాలు కొంత తిరిగి వచ్చును గాని చేయి వచ్చుట అరుదు. అదే ధమని కొనశాఖ మాత్రమే మూసికొనినచో మాట తడబడినను, మాసములు గడచినకొలది చాలవఱకు కుదురుట కలదు. తూముయొద్ద పూడిన కాలువకును, చివరి మడికి పోవు బోదె పూడుటకును గల భేదమే యిది.

పూర్వ ధమని మూసికొనినచో చేయికంటె కాలు ఎక్కువగ పడును. పశ్చాద్ధమని మూసికొనినచో కాలుచేతులు బాగుగనే యుండును గాని చూపులో ఒక సగము పోవును. కన్ను చెడినదని భ్రమించి అద్దములకై తిరుగువారు ఇట్టివారిలో కలరు. వెనుకనుండి వచ్చు రెండు వెర్టెబ్రల్ ధమనులు కలిసి బేసిలర్ ధమని యగును. ఊపిరిని, మెలకువను, మ్రింగుడును నడపు మెదడుకాండమునకు అదియే ఆధారము. అది పూర్తిగ మూసికొనుట అన్నిటికంటె భయంకరము. తెలివి యుండియు కన్నులు తప్ప మఱేదియు కదల్పలేని దుస్థితి దానివలన కలుగును. ఆ వెనుక ప్రాంతముననే, 1895లో జర్మను వైద్యుడు వాలెన్‌బర్గు వర్ణించిన చిన్న పక్షవాతము గలదు. అందు రోగి తూలును, వెక్కిళ్ళు వచ్చును, గుటక పడదు. చూచుటకు భీతి కలిగించినను, మొదటి దినములలో ఊపిరితిత్తులలోనికి అన్నపానములు పోకుండ కాపాడినచో పలువురు లేచి నడతురు.

మఱియు పెద్ద ధమనులనుండి వెండ్రుకలవలె మెదడు లోతునకు దిగు సన్నని శాఖలు కలవు. రక్తపుపోటు చిరకాలము హెచ్చియుండుటచే ఇవి గట్టిపడి మూసికొనును. కెనడా దేశీయుడగు మిల్లరు ఫిషరు ఇరువదవ శతాబ్ది నడిమి దశాబ్దములలో వీనిని నిశితముగ శోధించెను. చెడు స్థలము శనగగింజ యంతయో అంతకన్న చిన్నదియో యగును. ప్రక్క పడిపోయినను మాటయు తెలివియు నిలుచును. పెక్కుమంది కొలది వారములలోనే మంచి స్థితికి వత్తురు. కాని ఇట్టివి పలుమాఱులు వచ్చినచో నడకయు జ్ఞాపకమును క్రమముగ క్షీణించును.

ఈ విషయమును గ్రహించినచో పల్లెలలో ప్రబలియున్న ఒక భ్రమ తొలగిపోవును. పక్షవాతము రాగానే పసరు పోయువారు, వాత పెట్టువారు, పావురపు నెత్తురు పూయువారు, తాయెత్తు కట్టువారు మన జిల్లాలలో తక్కువ కాదు. వీరిని ఆశ్రయించువారు అడవిలోని కోయలని మాత్రమే తలచుట పట్టణవాసుల గర్వము. చదువుకొన్నవారు మోటారుబండ్లలో దూరదేశములకు పోయి పసరు త్రాగుచున్నారు. వారందఱును చూపు నిదర్శనమొక్కటే: ఫలానా వాడు అచ్చట కుదిరెను. నిజమే, వాడు కుదిరెను. కాని వానిది సన్నశాఖ మూసికొనిన పక్షవాతమైనచో పసరు లేకున్నను కుదిరెడివాడే. పెద్ద ధమని మూసికొనినవాడు అచ్చటికి చేరకమునుపే మరణించెను. చేరినవాడు కుదురనిచో అది వాని కర్మ యనిరి. కుదిరినవారిని వైద్యుని లెక్కలోను, కుదురనివారిని దైవము లెక్కలోను వ్రాసినచో ఏ వైద్యమునకైనను కీర్తి రాక మానదు. ఆ కీర్తికి రోగి చెల్లించు మూల్యము మొదటి గంటలు.

ఆ గంటల విలువ ఇటీవలనే లోకమునకు తెలిసినది. 1971లో లండనులో సి.టి. స్కాను యంత్రమున మొదటిసారి రోగి మెదడును చూచిరి. పగిలినదా, మూసికొన్నదా యని నిమిషములలో తేల్చుట అప్పటినుండి సాధ్యమైనది. 1970, 1980 దశకముల పరిశోధకులు మఱియొక సత్యమును చూపిరి. ధమని మూసికొనగనే దాని పొలమంతయు ఒక్కసారి చావదు. నడిమి భాగము చచ్చును. దాని చుట్టును నీరందక వాడిన నారువంటి భాగము, ప్రక్కదారుల నెత్తురుతో కొన ఊపిరి నిలుపుకొనియుండును. నీరు మరల వచ్చినచో అది పచ్చగిల్లును, రానిచో ఎండిపోవును. పెద్ద ధమని మూసికొనిన పక్షవాతమున నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో లెక్కకట్టిరి. 1995లో అమెరికా పరిశోధన, గడ్డను కరగించు మందును మొదటి 3 గంటలలో ఇచ్చినచో కోలుకొనువారి సంఖ్య హెచ్చునని నిరూపించెను. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగెను. 2015లో, తొడ ధమనినుండి సన్నని గొట్టమును పంపి పెద్ద ధమనిలోని గడ్డను లాగివేయు పద్ధతి అయిదు పరిశోధనలలో నెగ్గెను. 2018 నాటికి, వాడిన భాగము ఇంకను మిగిలియున్న కొందఱిలో 24 గంటల వఱకును అది పనికివచ్చునని తేలినది. అయితే ధమని పగిలినవానికి ఆ కరగించు మందు ఇచ్చినచో ప్రాణమునకే ముప్పు. బయటినుండి చూచి రెంటికిని భేదము చెప్పుట ఎంతటి వైద్యునకును సాధ్యము కాదు. కనుకనే స్కాను లేని చోట వైద్యము లేదు.

తెలుగుదేశపు పరిశోధకులు ఈ చరిత్రలో వట్టి శ్రోతలు కారు. హైదరాబాదు నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సుభాష్ కౌల్ మొదలగువారు 2002లో ప్రకటించిన పరిశోధనలో, ధమనులు మూసికొని పక్షవాతము వచ్చినవారిలో నూటికి 41 మందికి పెద్ద ధమనులు కొవ్వుపేరి ఇఱుకగుటయే కారణమని తేలినది. పాశ్చాత్యులలో ఈ ఇఱుకు మెడలోని ధమనులలో మెండు. మనవారిలో పుఱ్ఱెలోపలి ధమనులలో మెండు. పరదేశపు పుస్తకమును యథాతథముగ మనకు వర్తింపజేయరాదని, మన రోగులను మనమే లెక్కించుకొనవలెనని దీనివలన తెలియుచున్నది.

ఆ సంస్థలోనే డాక్టరు సువర్ణ అల్లాడి మొదలగువారు 608 మంది రోగులను పరీక్షించి 2016లో ప్రకటించిన విషయము మఱింత ఆశ్చర్యకరము. పక్షవాతము తరువాత బుద్ధిశక్తి చెక్కుచెదరక నిలిచినవారు, ఒకే భాష యెఱిగినవారిలో నూటికి సుమారు 20 మంది కాగా, రెండు లేక అంతకు మించిన భాషలు మాటాడువారిలో సుమారు 40 మంది. మాట పోవుటలో మాత్రము ఇరుతెగలకును భేదము కానరాలేదు. ధమని తీర్పు చెప్పును గాని, ఆ తీర్పునకు లోబడు మెదడు జీవితకాలమున చేసిన సాధనయు లెక్కకు వచ్చునని ఇందలి భావము. భద్రాచలపు అడవులలో ఇంట కోయభాషయు, సంతలో తెలుగును పలుకువారు వేలకొలది కలరు. ఆ సంఖ్యలు హైదరాబాదు ఆసుపత్రివి. అడవివారిని లెక్కించి చెప్పినవి కావు. అయినను, కోయభాషను మఱచిననే బిడ్డకు నాగరికత యబ్బునని బోధించువారు ఒకమాఱు ఆలోచింపవలసియున్నది. రెండవ భాష భారము కాదు, నిలువయుంచిన ధనము కావచ్చును.

ఇక ఈ సరిహద్దు సీమను విచారింతము. 1959 వఱకు భద్రాచలము గోదావరికి ఆవలి గట్టున తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. ఈవలి గట్టు ఖమ్మము జిల్లాది. 1965లో వంతెన తెఱచువఱకు ఆవలి రోగి ఈవలికి వచ్చుటకు పడవయే శరణ్యము. వరద వచ్చినచో అదియు లేదు. 2005లో 108 బండ్లు ఆంధ్రప్రదేశమున మొదలయ్యెను. 2014లో రాష్ట్ర విభజన వేళ కూనవరము, చింతూరు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమునకు చేరెను. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో భాగమయ్యెను. రాష్ట్రముల ఎల్లలు మాఱినవి గాని, చింతూరు అడవిలో పడిన రోగికి దగ్గఱి పట్టణము నేటికిని భద్రాచలమే. భద్రాచలమునుండి ఖమ్మమునకు రమారమి 120, హైదరాబాదునకు 300 కిలోమీటర్లకు పైగ దూరము. గూడెమునుండి రోడ్డెక్కుటకు పట్టు కాలమును చేర్చినచో, పడిన వెంటనే బయలుదేరినవానికే నాలుగున్నర గంటలు చాలీచాలక యుండును. ముందు పసరు కొఱకు ఒక పూట, ముహూర్తము కొఱకు ఒక రాత్రి వ్యయపఱచినవానికి ఏమి మిగులును?

కావున ఈ సీమయందు చేయవలసిన పని రెండు విధములు. ప్రభుత్వములు చేయవలసినది: అడవి అంచునగల ఆసుపత్రులలో రాత్రింబవళ్ళు పనిచేయు స్కాను యంత్రము, దాని చిత్రమును దూరముననున్న నిపుణుడు తక్షణమే చూచి సలహా చెప్పు ఏర్పాటు, గడ్డ కరగించు మందు, ఏ రాష్ట్రపు చీటి తెచ్చినవానికైనను అడ్డులేని ప్రవేశము. మెదడు ధమనికి జిల్లా యెల్లలు తెలియవు. ప్రజలు చేయవలసినది అంతకంటె సులభము. నోరు వంకరపోయినను, చేయి జాఱినను, మాట తడబడినను, అకస్మాత్తుగ చూపు పోయినను, నడక తూలినను తక్షణమే బండిని పిలువవలెను. రోగి చివరిసారి బాగుగనున్న వేళను గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలెను. నోట నీరుగాని పసరుగాని పోయరాదు. గుటకపడని రోగికి అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. లక్షణములు కొలది నిమిషములలో తగ్గిపోయినను ఊరకుండరాదు. అది పెద్ద దెబ్బకు ముందు వచ్చు హెచ్చరిక.

గంటలు దాటిపోయినవారి సంగతి యేమి? వారికిని నిరాశ తగదు. మొదటి మూడు నెలలలో మెదడు తన్ను తాను దిద్దుకొనుటకు మిక్కిలి యత్నించును. చెడిన తావు పనిని ప్రక్క తావులు నేర్చుకొనును. మొదటి దినములలోనే వ్రేళ్ళు కొంచెమైన చాచగలిగినవానికి చేయి తిరిగి వచ్చునని ఆశింపవచ్చును. కాని ఆ యత్నమునకు దినదినము వ్యాయామము కావలెను. మాట పోయినవానితో మాటాడుచుండవలెను. తైలమర్దనముతో తృప్తిపడి, పడిన చేతిని ఒడిలో పెట్టి, రోగిని గోడవైపు త్రిప్పి పరుండబెట్టుట మన ఇండ్లలో తఱచు జరుగు అన్యాయము. స్త్రీ యైనచో మఱింత. కూలికి పోవు ఇంట ఆమెకు వ్యాయామము చేయించు తీఱిక ఎవరికిని ఉండదు. ధమని చేసిన నష్టమునకు ఇల్లు చేయు నష్టము తోడగును.

అన్నిటికంటె ముఖ్యమైనది రాకుండ కాపాడుకొనుట. రక్తపుపోటును కొలిపించుకొనుట, ఉప్పును తగ్గించుట, చుట్టను సారాను మానుట, చక్కెరవ్యాధిని అదుపున నుంచుట, గుండెలయ తప్పినవారు మందు విడువకుండుట – ఇవి గొప్ప రహస్యములు కావు. వెసేలియసు, విల్లిసు, ఫోయి మొదలగువారు శవములయొద్ద నిలిచి తెలిసికొన్నది, నేడు బ్రదికియున్నవారికి పనికివచ్చు విద్య యైనది. ఆ విద్య హైదరాబాదు వఱకు వచ్చినది. గోదావరి దాటి గూడెము గడప చేరుట ఇక మన పని.